అట్ట లోపలి వ్యాసం

కిందటి వారం మీరు నన్ను ఎక్కడ వదిలేసి వెళ్లారో ఇప్పుడూ అక్కడే ఉన్నాను. మా హాల్లో, అత్తయ్య కుట్టుమిషను పక్కన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నోరు తెరుచుకుని.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్లు కాస్త ఓర్చుకోండి. టిబెట్ గురించి ప్రపంచంలో ఏ మూల, ఏ భాషలో, ఎవరు ఏం రాసినా ఒక్కచోట వెతికి పట్టుకునేలా ఇంటర్నెట్‌లో ఒక గ్రంథసూచి కడుతున్నాం. కడుతున్నాం అంటే పెద్ద బలగం ఉందనుకోకండి. నేనూ, రెండు కంప్యూటర్లూ, మధ్యాహ్నానికల్లా వేడెక్కి మొరాయించే ఒక స్కానరూ, అంతే. పునాది మాత్రం మేష్టారిది, అంటే టిబెట్ చదువులో మా అందరికీ గురువైన పెద్దాయనది. ఆయన ఎప్పుడో అచ్చువేసిన గ్రంథసూచినే మొత్తం ఎక్కించి, దాని మీద కొత్తవి చేరుస్తున్నాను. ఆ పుస్తకానికి రచనకొకటి చొప్పున కార్డులన్నీ తన చేత్తో రాసింది మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి. కొన్నాళ్లు మేష్టారి దగ్గర సహాయకుడిగా ఉండి, తర్వాత ఆ పని మానేసి పటాలు కట్టే దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పుడు లేడు. "మంచివాడే, ఓపికే లేదు పాపం," అని మేష్టారు అప్పుడప్పుడూ తల్చుకుంటారు.

మా ఆఫీసుకి ఒకటే నియమం, అదీ మేష్టారు పెట్టిందే. కంటితో చూడనిదాన్ని చూశానని రాయకూడదు. చూసిన రచన పక్కన నిండు చుక్క, చూడనిదాని పక్కన ఖాళీ సున్నా. సోమవారం మా సైటు అందరికీ తెరుచుకుంటుంది కాబట్టి ఖాళీ సున్నాలన్నీ ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చాను. ఒక్కటి మాత్రం మొండికేసి కూచుంది. పగిలిన అచ్చుచెక్కల గురించి ఒక పాత పత్రికలో వచ్చిందని చెప్పే వ్యాసం. రచయిత పేరుండాల్సిన చోట 'ఒక విద్యార్థి' అని ఉంది. ఆ సంచిక స్కాన్ ఒక లైబ్రరీ నుంచి తెప్పించి చూస్తే, ఆ పేజీల్లో జడలబర్రె ఉన్ని వ్యాపారం మీద ఇంకెవరిదో వ్యాసం ఉంది.

మేష్టారిని అడిగితే నెలల తరబడి "చూద్దాంలేమ్మా" అన్నారు. అలాంటి మనిషి గురువారం తానే ఫోన్ చేశారు. "అలాంటి వ్యాసం లేదు తల్లీ, అది నేను పెట్టిన ఎర," అని పకపకా నవ్వారు. మా వృత్తిలో ఇది కొత్త కాదు. మన జాబితాని ఎవడైనా మక్కీకి మక్కీ ఎత్తుకుపోతే పట్టుకోడానికి లేని రచనని ఒకదాన్ని మధ్యలో దూరుస్తారు. ఎత్తుకుపోయినవాడి జాబితాలోనూ అది కనబడితే వాడి పని అయిపోయినట్టే. సరే, తీసేస్తానన్నాను. "ఊరికే తీసెయ్యడం కాదమ్మా. సైటులో 'లేని రచనలు' అని ఒక పేజీ పెట్టు. మొదటగా దీన్నే వెయ్యి. సంపాదకురాలిగా కింద నీ సంతకం ఉండాలి. శనివారం సాయంత్రం మీ ఇంటికే వస్తాను, ఆ కాగితం తీసుకుంటాను," అన్నారు.

ఆ కాగితం సిద్ధం చేస్తూ, దీన్ని ఎవరైనా నమ్మి వాడుకున్నారేమోనని మా సైటులోనే వెతికాను. ఒక్కరు వాడుకున్నారు. ఒక పేరా మొత్తం ఎత్తి, పేజీ నంబరుతో సహా కొటేషన్ మార్కుల మధ్య పెట్టారు. ఆ ఒక్కరూ మా వదిన.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, నోరు తెరుచుకోక ఏం చెయ్యను?

వదిన అంటే మా ఆయన అక్క. మా పై వాటాలోనే ఉంటుంది. టిబెట్ పుస్తకాల అచ్చు గురించి డాక్టరేట్ చేసింది. సోమవారం నాడే, మా సైటు తెరుచుకునే రోజే, ఆమెని యూనివర్సిటీలో తన విభాగానికి అధిపతిగా తీసుకోవాలా వద్దా అని కమిటీ కూర్చుంటోంది. కమిటీకి పెద్ద మేష్టారే. లేని వ్యాసాన్ని చదివినట్టు రాసిందని తేలితే అధిపతి పదవి సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది. ఊడేలా రాసే కాగితం మీద సంతకం నాది.

ఇవాళే శనివారం. మా ఆయన ఊళ్లో లేడు. అత్తయ్య వెనక గదిలో మధ్యాహ్నపు కునుకులో ఉంది. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లెక్కాను.

వదిన సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది, ఏదో కూనిరాగం తీస్తూ.

"వదినా, ఒకటి అడుగుతాను. కోప్పడకూడదు."

"కోప్పడకూడదని ముందే అంటున్నావంటే కచ్చితంగా కోప్పడాల్సిన విషయమే. అడుగు."

"నీ థీసిస్‌లో పగిలిన అచ్చుచెక్కల వ్యాసం ఒకటుంది కదా. రాసింది ఒక విద్యార్థి అని. అది ఎక్కడ చూశావు?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కూనిరాగం కూడా.

"ఎక్కడ చూస్తారు? పత్రికలో."

"ఏ లైబ్రరీలో?"

"అబ్బా! ఎప్పటి మాటే అది. గుర్తుండి చస్తుందా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే మా వదినకి గుర్తుండకపోవడం అనేది ఉండదు. ఏ పుస్తకం ఏ లైబ్రరీలో ఏ బీరువాలో ఏ అరలో ఉందో, దాని పక్కన కూర్చునే గుమస్తా ఎవరి మీద విసుక్కుంటాడో కూడా చెప్పే మనిషి. ఆ మనిషి కళ్లు దించుకుని కాలరు మడతలు సర్దుకుంటోంది.

"అలాంటి వ్యాసమే లేదట వదినా," అని, మేష్టారు ఫోన్‌లో అన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఎర సంగతి, జడలబర్రె సంగతి, కాగితం, సంతకం, అన్నీ.

మొదట తెల్లబోయింది. తర్వాత మొహం జేవురించింది.

"అంటే? లేనిదాన్ని ఉందని రాశానా? దొంగ కొటేషన్ పెట్టి డాక్టరేట్ కొట్టేశానా? అదేనా నువ్వనేది?"

"నేను అనట్లేదు. సోమవారం కమిటీ అంటుంది. నా సంతకం చూపించి మరీ అంటుంది."

"అను! నువ్వే అను! నా తమ్ముడి పెళ్లానివి, నా కప్పులో కాఫీ తాగినదానివి, నా మొహం మీదే అను!"

"వదినా, ఇస్త్రీపెట్టె!"

"ఇస్త్రీపెట్టె ఏంటి మధ్యలో?"

"కాలుతోంది!"

చొక్కా భుజం మీద గోధుమరంగు మచ్చ పడి పొగ లేచింది. వదిన పెట్టెని ఎత్తి పక్కన కుదేసింది. కాలిన బట్టని చూసింది, నన్ను చూసింది. తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. "ఉండు," అని లోపలి గదిలోకి వెళ్లింది. అటక మీంచి సూట్‌కేసు లాగిన చప్పుడు, దాని మీదున్నవేవో దబదబా కిందపడిన చప్పుడు వినపడ్డాయి. రెండు అట్టముక్కల మధ్య దారంతో కట్టిన కాగితాలు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"చూడు. కళ్లు పెద్దవి చేసుకుని చూడు."

దారం విప్పాను. పసుపు పచ్చగా మారిన కాగితాలు, అంచులు అక్కడక్కడా చిరిగి ఉన్నాయి. మొదటి పేజీ నెత్తిన పత్రిక పేరు. దాని పక్కన సంచిక నంబరు. మూలన పేజీ నంబరు. మధ్యలో పెద్దక్షరాల్లో వ్యాసం పేరు. కింద, రచయిత ఉండే చోట, 'ఒక విద్యార్థి'.

లేదని నేను సంతకం పెట్టబోతున్న వ్యాసం నా ఒళ్లో ఉంది. వదిన ఎత్తి రాసిన పేరా, అదే పేజీలో, అక్షరం పొల్లు పోకుండా ఉంది.

"ఎక్కడిది?"

"అడక్కు."

"వదినా!"

"అట్టలోంచి," అంది నేల చూపులు చూస్తూ.

"ఏ అట్ట?"

"పుస్తకం అట్ట. చదువుకునే రోజుల్లో లైబ్రరీలోంచి తెచ్చుకున్న పుస్తకం అట్ట ఊడిపోయింది. బైండింగువాళ్లు అట్ట దేంతో చేస్తారు? పనికిరాని అచ్చుకాగితాలు ఒకదాని మీద ఒకటి అతికించి గట్టిపరుస్తారు. ఆ మూల ఊడినచోట 'అచ్చుచెక్క' అనే మాట కనబడింది. ఇంక నా మనసు నిలవలేదు. పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టాను. ఒక్కొక్క పొరా విడిపోయి వచ్చింది."

"లైబ్రరీ పుస్తకం అట్టని నీళ్లలో నానబెట్టావా!"

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు. నువ్వే ఇలా గుడ్లురిమి చూస్తున్నావే, ఆ రోజుల్లో లైబ్రేరియన్ నన్ను బతకనిచ్చేదా? థీసిస్ కింద ఫుట్‌నోట్ వెయ్యమంటావా, లైబ్రరీ పుస్తకం తోలు వొలిచితిని అని?"

"ఏ పుస్తకం? తిరిగిచ్చేటప్పుడు అట్ట ఉందా?"

"కొంప అంటుకుంటుంటే నీ అట్ట గోల ఏంటే? కొత్తది వేయించి ఇచ్చాన్లే!"

నిజమే, నాదీ తప్పే. కానీ చదువు నేర్పిన పద్ధతి అలాంటిది. ఊపిరి తీసుకుని కాగితాలు మళ్లీ చూశాను. నెమ్మదిగా బుర్రలో వెలుతురు పడింది. సంచిక నంబరు అదే, పేజీ నంబర్లూ అవే. నేను చూసిన ప్రతిలో జడలబర్రెలు, ఇక్కడ అచ్చుచెక్కలు. అంటే ఆ సంచిక రెండుసార్లు అచ్చయింది. మొదట అచ్చయినదాన్ని ఎవరో ఆపేశారు. ఈ వ్యాసం పీకేసి దాని చోట ఇంకోటి వేసి మళ్లీ అచ్చేశారు. పంచకుండా మిగిలిపోయిన మొదటి కాగితాలు బైండింగువాడి అట్టల్లో కలిశాయి. ఒకే ప్రతిని చూసి అంతా చూసేశాననుకున్నాను, మా వృత్తిలో పిల్లకాయలు చేసే పొరపాటు.

"ఆ పత్రిక ఆపాలన్నా, మార్చాలన్నా ఎవరి చేతిలో ఉంటుంది వదినా?"

"సంపాదకుడి చేతిలో."

"ఎవరు అప్పుడు సంపాదకుడు?"

"మేష్టారే."

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"ముసలాయన," అంది వదిన కంగారుగా. "మర్చిపోయి ఉంటారు. నాకైతే ఇది ఆయనే రాశారనిపించింది ఎప్పుడూ. చిన్నప్పుడు రాసుకుని, తర్వాత పెద్ద పుస్తకంగా పెంచారు కదా, అందుకని ఆపేసుకున్నారేమో అనుకున్నాను. చదివి చూడు, అంతా ఆయన పుస్తకంలో ఉన్నదే."

చదివాను. మేష్టారు మేష్టారయింది ఏ పుస్తకంతో అంటే చెక్కల పగుళ్ల మీద రాసిన ఆ పెద్ద పుస్తకంతోనే. టిబెట్‌లో పుస్తకం అచ్చెయ్యాలంటే అక్షరాలన్నీ తిరగేసి చెక్క మీద చెక్కుతారు. సిరా పూసి కాగితం అద్దుతారు. ఆ చెక్కలు తరాల తరబడి వాడతారు. వాడగా వాడగా చెక్క పగులుతుంది, ఆ పగులు కాగితం మీద తెల్లటి గీతగా పడుతుంది. ఏడాదులు గడిచేకొద్దీ గీత పెరుగుతుంది. గీత చిన్నగా ఉన్న ప్రతి ముందుది, పెద్దగా ఉన్నది తర్వాతది. తారీఖులు లేని పాత పుస్తకాల వరస తేల్చడానికి ఇంతకన్నా తేలిక దారి లేదని, దాన్ని కనిపెట్టింది ఆయనేనని అందరూ ఆయనకి దండం పెడతారు. ఆ దారి మొత్తం, వాదన వరసతో సహా, ఈ కాగితాల్లో ఉంది. ఆ పుస్తకం రావడానికి ముందే.

"ఆయనే రాసుంటే లేదని ఎందుకంటారు వదినా? నాదే, చిన్నప్పటిది, అని నవ్వేసేవారు కదా."

"చెప్పానుగా, మర్చిపోయి..."

"నీ థీసిస్ ఆయన ఎప్పుడైనా చదివారా?"

"లేదు. నేను చేసింది వేరే యూనివర్సిటీలో కదా. ఇప్పుడు కమిటీ అడిగిందని బుధవారమే పంపాను."

"బుధవారమా?"

"ఏం?"

"ఆయన నాకు ఫోన్ చేసింది గురువారం పొద్దున్నే."

వదిన కాలిన చొక్కా మీదే కూలబడింది. తల అడ్డంగా ఊపింది.

"కాదే. ఆయన అలాంటి మనిషి కాదు. నాన్న పోయాక నన్ను చదివించింది ఎవరు? అమ్మకి ఆస్పత్రిలో తోడు పడుకోవడానికి మనిషిని పంపింది ఎవరు? నీకీ ఉద్యోగం ఎవరిప్పించారు? నన్ను కన్నది నాన్నే అయినా చదువుకి తండ్రి మేష్టారే అని పదిమందిలో చెప్పినదాన్ని. ఆయన నా గొంతు ఎందుకు కోస్తారు?"

కాగితాలు సర్దుతుంటే అడుగున ఒకటి మందంగా తగిలింది.

"ఇదేంటి?"

"అవి రెండు కాగితాలు. విడిపోలేదు. చిరుగుతాయని భయం వేసి వదిలేశాను."

"లే," అన్నాను. "కిందికి, మా వంటింట్లోకి పద."

జిగురు కాగితాలు విడదీయడం నాకు కొట్టిన పిండి. అత్తయ్య వాడే పెద్ద పళ్లెం తీసి గోరువెచ్చని నీళ్లు పోసి మందపు కాగితాన్ని అందులో పరిచాను. గోడ గడియారంలో ముల్లు మేష్టారు వచ్చే వేళకి దగ్గర పడుతోంది. వదిన స్టవ్ పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. డాక్టరేట్ చేసిన మనిషి, ఒకప్పుడు తమ్ముడు గోళ్లు కొరికితే మొట్టికాయలు మొట్టేదట.

"ఎంతసేపే?"

"తొందరపడితే నీ బతుకూ నా బతుకూ కలిపి చిరుగుతాయి. నోరు మూసుకో కాసేపు."

మైదా జిగురు మెత్తబడి నీళ్లు పాలరంగుకి తిరిగాయి. వెన్న రాసే కత్తి మొండివైపు మూలలో దూర్చి, మెల్లగా, ఊపిరి బిగబట్టి లాగాను. పైకాగితం కదిలింది. ఇంకాస్త. ఇంకాస్త. సగందాకా వచ్చి ఆగింది. వదిన నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే అక్కడ కమిలిపోయింది. మళ్లీ నీళ్లు చిలకరించి లాగితే, చల్లగా, చిరక్కుండా, మొత్తం విడిపోయింది.

అడుగు కాగితం మీద అక్షరాల్లేవు. బొమ్మ ఉంది. చేత్తో గీసినదాన్ని అచ్చు వేశారు. పొడుగాటి అచ్చుచెక్క, ఒక చివర పట్టుకోడానికి పిడి. కుడి మూల నుంచి మధ్యదాకా వంకరగా దిగిన పగులు. ఆ పగులు అంచున, ఎవరూ అడక్కపోయినా, నడుచుకుంటూ పోతున్న ఒక చీమ.

ఆ చీమని నేను ఎరుగుదును. వారం వారం గుడ్డ పెట్టి తుడుస్తాను దాన్ని.

మా హాల్లో కుట్టుమిషను పైన గోడకి ఒక పటం ఉంది. మామయ్య గీసి, తన దుకాణంలో తానే చట్రం కట్టుకున్న బొమ్మ. మేష్టారి దగ్గర పనిచేసే రోజుల జ్ఞాపకమట. అత్తయ్య దాన్ని తలుపుచెక్క అంటుంది. "పెళ్లాం బొమ్మ గియ్యమంటే తలుపుచెక్క గీసిన మహానుభావుడు," అని ఇంటికి వచ్చినవాళ్లకి చూపించి నవ్విస్తుంది. మా ఆయన చిన్నప్పుడు ఆ చీమ కదులుతుందేమోనని గంటల తరబడి చూసేవాడట. వదిన అయితే కుర్చీ వేసుకుని, వేలు ఆనించి ఆ పగులు వెంట నడిపేదట. ఈ చదువులోకి రావడానికి ఆ బొమ్మే కారణమని ఎన్నోసార్లు చెప్పింది.

పళ్లెం ఎత్తుకుని హాల్లోకి నడిచాను. నీళ్లు దారిపొడుగునా ఒలుకుతున్నాయి. పటం కింద కుట్టుమిషను మీద పెట్టాను. పైన పటం, కింద పళ్లెం. అదే పిడి, అదే వంకర పగులు, అదే చీమ, దాని వెనక కాలు ఒకటి కాస్త పొడుగు. తేడా ఏమీ లేదు.

వదిన తడిసిన కాగితం మీద చీమ దగ్గర వేలు పెట్టి, ముట్టుకోకుండా, గాల్లోనే పగులు వెంట నడిపింది. చివరిదాకా వచ్చాక అంది.

"నాన్న."

అంతే. తర్వాత భోరుమంది. వదిన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. మామయ్య పోయినప్పుడు కూడా అందరికీ నీళ్లిచ్చి ఓదార్చిన మనిషి.

"ఓపిక లేనివాడన్నారే ఆయన! పని చేతకాక వెళ్లిపోయాడని చెప్పారే! నేనూ నమ్మానే! పటాల దుకాణం అంటే కాలేజీలో సిగ్గుపడి, నాన్న ఏం చేస్తాడని అడిగితే మాట దాటేసేదాన్నే!"

నాకూ కళ్లు మసకబారాయి, కానీ పాడు బుర్ర పని మానదు కదా. ఆ గ్రంథసూచికి కార్డులు రాసింది మామయ్య. ఆపేసిన వ్యాసం పేరు అందులోకి ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది. అది మేష్టారు పెట్టిన ఎర కాదు. తన రాత ఒకప్పుడు ఉండేదని మామయ్య తన చేత్తో ఒక కార్డు రాసి, మిగతావాటి మధ్య పెట్టి, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల తర్వాత మేష్టారు దాన్ని నా చేత్తో తుడిపించాలని చూస్తున్నారు. మామయ్య కోడలి చేత్తో. ఆ దెబ్బకి మామయ్య కూతుర్ని దొంగని చేసి మరీ. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఏంటే ఈ నీళ్లు? జారి పడితే ఎవరు లేపుతారు నన్ను?"

అత్తయ్య. గోల విని లేచి వచ్చినట్టుంది, జుట్టు రేగి, కళ్లజోడు లేకుండా గుమ్మంలో నిలబడింది. కూతురు ఏడుస్తోందని చూసి గబగబా వచ్చింది.

"ఏమైందే? ఎవరేమన్నారు? అమ్మాయ్, నువ్వేనా?"

"నేను కాదు అత్తయ్యా. ఇది చూడండి."

వంగి చూసింది. కళ్లజోడు లేకపోయినా ఆ బొమ్మ ఆమెకి తెలియకుండా ఉంటుందా. ఏదో తలుపుచెక్క జోకు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కుట్టుమిషను అంచు పట్టుకుంది.

"ఇదింకా మిగిలుందా?" అంది.

వదిన ఏడుపు ఠక్కున ఆగింది. నా చెవులు తప్పు విన్నాయేమో అనుకున్నాను.

"అమ్మా, నీకు తెలుసా ఇది?"

"ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలన్నీ పెరట్లో పెట్టి తగలబెట్టింది నేనే కదే! నా చేత్తో, ఒక్కొక్క కట్టే విప్పి! ఒక్క కాగితం కూడా మిగల్లేదని ఒట్టేసి చెప్పానే!"

"ఎవరికి ఒట్టేశావు? ఎందుకు తగలబెట్టావమ్మా? నాన్నకి తెలుసా?"

అత్తయ్య పెదాలు కదిలాయి. మాట బయటికి రాకముందే కాలింగ్ బెల్ మోగింది.

ఎప్పటిలాగే రెండుసార్లు కొట్టి ఆగింది బెల్.

"వాడొచ్చాడు," అంది అత్తయ్య.

ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట 'మేష్టారుగారు' తప్ప ఇంకో మాట వినలేదు నేను. ఆయన వస్తే కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడే మనిషి. ఇప్పుడు కుట్టుమిషను ముందున్న పీట లాక్కుని, పళ్లెం పక్కనే, గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.

వదిన కంగారుగా పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లబోయింది. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"దాచకు. అక్కడే ఉండనీ. చీమ కనపడేలా ఇటు తిప్పు. అమ్మాయ్, నువ్వెళ్లి తలుపు తియ్యి."

తడికాళ్లతో వెళ్లి గడియ మీద చెయ్యి వేశాను. తలుపవతల నుంచి, ఎప్పుడూ ఉండే ఆ మెత్తటి గొంతు, ఎప్పుడూ ఉండే ఆ చనువుతో పలికింది.

"నేనేనమ్మా. సంతకం పెట్టేశావా తల్లీ?"